రేకుల మీద బత్తాయిలు

మధ్యాహ్నం తిండి అయ్యాక ఓ పావుగంట ఫోన్ చూసుకుంటాను. మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో గేటు పాసుల కంప్యూటర్ ముందు నా ఉద్యోగం. లారీ డ్రైవర్లు కూడా అన్నం తినే వేళ కాబట్టి కిటికీ దగ్గరికి ఎవరూ రారు. తోటివాళ్లు వంటల వీడియోలు చూస్తారు. నేను అమెరికా వాళ్ల బేస్‌బాల్ చూస్తాను. "గది అర్థమైతదా నీకు?" అని నవ్వుతారు. అవుతుందని చెప్పడం మానేశాను. చెబితే వెంటనే "నువ్వు ఆడినవా?" అంటారు. మూడేళ్లు జిల్లా జట్టులో ఉన్నదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేను.

బేస్‌బాల్‌లో బంతి విసిరే మనిషిని పిచర్ అంటారు. ఆట మొదలుపెట్టిన పిచర్ అలసిపోతేనో, దెబ్బ మీద దెబ్బ తింటుంటేనో ఆమెను తీసేసి ఇంకొకరిని దింపుతారు. ఆ దిగేవాళ్లు రిలీఫ్ పిచర్లు. వాళ్లు కాచుకుని కూర్చునే జాగా పేరు బుల్‌పెన్. అమెరికా వీడియోల్లో దానికి కంచె, నీడ, బెంచీలు, చల్లటి నీళ్లు, వార్మప్‌కు విడిగా మట్టి దిబ్బ, విసిరిన బంతిని పట్టడానికి విడిగా ఒక మనిషి ఉంటారు. కోచ్ దగ్గర్నుంచి ఫోన్ మోగుతుంది, ఒకడు లేచి చెయ్యి తిప్పుకుంటాడు. నాకు చచ్చేంత కుళ్లు. బెంచీలు, నీళ్లు వాళ్లే ఉంచుకోనీ. బంతి పట్టే మనిషి ఒక్కరు ఉంటే చాలునని నేనెంత అనుకున్నానో వాళ్లకేం తెలుసు!

మా బుల్‌పెన్ ఏ ఊరి మైదానంలో ఏ మూల నీడ ఉంటే అక్కడ. ఒక్కోసారి నీడ కూడా ఉండేది కాదు. జట్టంతా షామియానా కింద కూర్చుని అరుస్తుంటే, నవ్వుకుంటుంటే, రిలీఫ్ పిచర్లం ముగ్గురం వంద అడుగుల దూరంలో గోడ పక్కన. మేం ఆడేవాళ్లమూ కాదు, చూసేవాళ్లమూ కాదు. షామియానా కిందికి పోయి కూర్చుంటే మా కోచ్ సార్ ఊరుకునేవాడు కాదు. "పిలిస్తే పలికేటట్టు ఉండాలె బిడ్డా" అనేవాడు. మూడేళ్లలో మిగతా ఇద్దరిని పిలిచాడు. ఆఖరి పోటీల దాకా నన్ను పిలవలేదు.

సార్ మంచివాడే. నకిరేకల్ వైపు మనిషి. సాఫ్ట్‌బాల్ ఆడి, సాఫ్ట్‌బాల్ నేర్పి తల నెరిసినవాడు. మా గురుకులం పిల్లలకు బేస్‌బాల్ కూడా ఉందని పైనుంచి కాగితం వస్తే, రెండూ అక్కాచెల్లెళ్లే కదా అని అదే జట్టుకు అదీ నేర్పాడు, అదే జిల్లా జట్టు అయింది. జట్టు మొత్తానికి మంచి బంతులు నాలుగో అయిదో ఉండేవి, అవన్నీ ఆటకే సరిపోయేవి. వార్మప్‌కు మాకు బంతుల్లేవు. అందుకని నకిరేకల్‌లో తెలిసిన వ్యాపారి దగ్గర, అమ్మకానికి పనికిరాని రాలుడు బత్తాయి కాయలు ఒక సంచెడు అడిగి తెచ్చేవాడు. పచ్చివి, రాయిలా గట్టివి. చేతిలో ఇమిడే తీరు అచ్చం బంతిలాగే ఉంటుంది, కుట్లు ఒక్కటే తక్కువ. ఇదివరకు ఎవరన్నా ఇలా చేశారో లేదో నాకు తెలియదు. పై జిల్లాల పిల్లలు మమ్మల్ని చూసి "జూస్ పార్టీ" అనేవాళ్లు.

మా బాపుకు గొర్రెలు. నేను హాస్టల్లో చేరేదాకా సెలవుల్లో, బడిలేని రోజుల్లో మందతోనే తిరిగాను. మందలోంచి తప్పిపోయే గొర్రెను మళ్లించాలంటే రాయి దాని ముక్కు ముందు పడాలి, ఒంటికి తగలకూడదు. నా గురి అక్కడిది. నా బంతి ఏమంత వేగం కాదు, కాని పెట్టమన్న చోట పెడతాను. ఆ ఒక్క సంగతిలోనే నాకు గర్వం. పోటీలకు పోయి ఇంటికొచ్చిన ప్రతిసారీ బాపు అడిగేవాడు, "ఆడిచ్చిండ్రా బిడ్డా?"

"లేదు బాపు."

"మరి ఎందుకు తీస్కపోతుండ్రు?"

వెక్కిరింపుగా కాదు, తెలియకే అడిగేవాడు. నాకూ తెలియదు. ఇంటర్ రెండో సంవత్సరంలో రాష్ట్ర పోటీలు మహబూబ్‌నగర్‌లో అన్నారు. అవే నాకు ఆఖరివి. ఒక్కసారి, ఒక్క బ్యాటర్‌కైనా చాలు, నన్ను పిలవాలి. పోయేటప్పుడు బస్సులో నా మనసులో ఇంకేమీ లేదు.

మైదానం ఒక కాలేజీది. మా మూల పక్కనే సైకిళ్లు పెట్టే రేకుల షెడ్డు ఉంది. బంతి పట్టే పిల్ల లేదు కదా, అందుకని సార్ ఒక గోనెసంచిలో గడ్డి కుక్కి, తాడుతో ఆ షెడ్డు ముందు వేలాడదీశాడు. "సంచికే కొట్టుండ్రి, రేకులకు తగలనియ్యకుండ్రి. ఆటకు ఖరాబైతది" అని మరీ మరీ చెప్పాడు.

మొదటిరోజే మా బుల్‌పెన్ బతుకు బట్టబయలైంది. మొదటి ఆటలో మా ముగ్గురిలో ఎడమచేతి పిల్లను దింపితే వరుసగా నలుగురికి తప్పు బంతులు వేసింది. నాలుగు తప్పు బంతులు పడితే బ్యాటర్ బ్యాట్ ఎత్తకుండానే నడుచుకుంటూ మొదటి బేస్‌కు పోవచ్చు, నాలుగు బేస్‌లూ చుట్టి వస్తే ఒక పరుగు. ఆ నడకలతోనే గెలిచే ఆట చేజార్చుకున్నాం. సాయంత్రానికి ఆ పిల్లకు జ్వరం. వాళ్ల మామ వచ్చి దవాఖానకు తీసుకుపోయాడు, అట్నుంచి అటే ఇంటికి. రెండో రోజు రెండో పిల్ల దిగింది. గెలిచాం, కాని బంతి తగిలి వేలు గోరు లేచిపోయింది. మూడో రోజుకు బుల్‌పెన్‌లో మిగిలింది నేను, సగం సంచి బత్తాయిలు.

ఒక్కదాన్నే ఉండడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. అంతకుముందు ముగ్గురం కనీసం తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు అరవడానికి కూడా తోడు లేదు. మా వాళ్లు పరుగు తీస్తే షామియానా కింద ఎగురుతారు, నేను ఒక్కదాన్ని చప్పట్లు కొడితే నాకే సిగ్గు. అన్నం పొట్లం కూడా ఎవరో తెచ్చి అక్కడే పెట్టి పోయారు. గొర్రెల వెంట రోజంతా ఒక్కదాన్నే తిరిగినప్పుడు కూడా నాకు అలా అనిపించలేదు. అక్కడ ఎవరూ లేరు కాబట్టి ఒక్కదాన్ని. ఇక్కడ అందరూ ఉన్నారు.

సార్‌కు ఒక అలవాటు. మొదటి పిచర్ ఒక్క బ్యాటర్‌ను బేస్ మీదికి పోనిచ్చినా మెడలో తువాలు తీసి నాకేసి ఊపేవాడు. చెయ్యి కాగబెట్టుకో అని దాని అర్థం. లేచి విసరడం మొదలుపెట్టేదాన్ని. ఇంతలో అటు ఆ బ్యాటర్‌తో పని అయిపోయేది, సార్ తువాలు మెడలో వేసుకునేవాడు. కూర్చునేదాన్ని. చెయ్యి చల్లారేది. మళ్లీ తువాలు. ఇలా ఆటకు ఆరేడు సార్లు. దిగకుండానే దిగినవాళ్లకంటే ఎక్కువ బంతులు విసిరాను. ఎవరూ లెక్కపెట్టలేదు, ఎందుకంటే అవి బంతులు కావు, బత్తాయిలు. రిలీఫ్ పిచర్‌ను ఇలా వాడితే చెయ్యి ఆటకు ముందే చచ్చిపోతుందని ఇప్పుడు ఫోన్లో చూసి తెలుసుకున్నాను. అప్పుడు సార్‌కూ తెలియదు, నాకూ తెలియదు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక కాయ సంచి పక్కనుంచి పోయి రేకులకు తగిలింది. దబ్బుమని మైదానం అంతా మోగింది. అందరూ నా వైపు తిరిగారు. షామియానా కిందివాళ్లు, ఎదుటి జట్టు, అంపైర్లు, బంతి విసిరే దిబ్బ మీద ఉన్న మా పిచర్ కూడా. మూడేళ్లలో అంతమంది నన్ను చూడడం అదే మొదటిసారి. ఆ కాయ చెయ్యి జారి పోయింది. ఒట్టు, అది అనుకోకుండానే తగిలింది.

రెండోది అనుకునే కొట్టాను.

మా పిచర్ సంగతి చెప్పాలి. రామన్నపేట దగ్గరి పిల్ల, నా ఈడుదే, హాస్టల్లో నా గదే. పొడుగ్గా ఉండేది, బంతి పాములా బుస్సుమని పోయేది. జట్టంతా ఆమె మీదే నడిచింది. నాకు ఆమె మీద కోపం లేదు. కాని ఆమె అలసిపోవాలని, నాలుగు తప్పు బంతులు వేయాలని, సార్ విసుక్కోవాలని కోరుకున్నాను. మా జట్టు బాగుండకూడదని కోరుకుంటేనే నాకు ఆట దొరుకుతుంది. ఆ పాడు కోరికతో రోజంతా గోడ పక్కన కూర్చోవడం ఎలాంటిదో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

లీగ్ ఆటల్లో మూడో రోజూ గెలిచాం, నాలుగో రోజు పొద్దున సెమీఫైనల్. ఆడేది ఏడు ఇన్నింగ్స్, ఒక్కోదాంట్లో రెండు జట్లకూ ఒక్కో బ్యాటింగ్, ఆఖరిది ఎదుటివాళ్లది. నాలుగు దాటేసరికి మేం రెండు పరుగులు పైన ఉన్నాం. సార్ ఆ రోజు మొదటి ఇన్నింగ్స్ నుంచే తువాలు ఊపుతున్నాడు. నేను ప్రతిసారీ రెండు కాయలు సంచికి, ఒకటి రేకులకు కొట్టాను. మోగినప్పుడల్లా మా పిచర్ తల తిప్పి నన్ను చూసింది. చూడనీ అనుకున్నాను. నేనూ ఉన్నానని తెలియనీ.

అయిదో ఇన్నింగ్స్‌లో ఆమె బంతి తప్పడం మొదలైంది. ఇద్దరు అవుటయ్యారు, మూడో మనిషి అవుటైతే వాళ్ల వంతు ముగుస్తుంది, కాని ఇద్దరు బేస్‌ల మీద చేరారు. సార్ దిబ్బ దగ్గరికి నడిచిపోయాడు. ఆమె తలవంచుకుని ఏదో చెప్పింది. సార్ ఆమె భుజం తట్టి, నా వైపు తిరిగి, తువాలు ఊపకుండా చేత్తో రమ్మని పిలిచాడు.

నేను నా వెనక చూశాను. వెనక రేకులే ఉన్నాయి. పరుగెత్తాను.

"ఒక్క మనిషినే చూస్కో బిడ్డా" అన్నాడు సార్. "దాన్ని జర నీడకు కూసోబెడుత. ఆరోదాంట్ల మళ్ల అదే వస్తది. నీకు ఒక్క మనిషే."

ఒక్క మనిషే చాలు సార్ అనుకుంటూ చెయ్యి చాచాను. బంతి చేతికిచ్చాడు. నాలుగు రోజులు నున్నటి కాయలు పట్టిన వేళ్లకు ఆ ఎర్ర కుట్లు గరుగ్గా తగిలితే ఒళ్లంతా జలదరించింది. మొదటి బంతి పక్కకు పోయింది. రెండోది, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే కాచర్ అడిగిన చోట పెట్టాను. మూడోదాన్ని బ్యాటర్ కింద నుంచి లేపింది. బంతి నిటారుగా లేచి, మూడో బేస్ దగ్గర మా పిల్ల గ్లౌజులో పడింది. ఇన్నింగ్స్ అయిపోయింది.

ఎవరో నా వీపు మీద గుద్దారు. ఇంకెవరో టోపీ లాగారు. షామియానా కింద జరిగి నాకు జాగా ఇచ్చారు, ఎవరో తాగి సగం మిగిల్చిన నీళ్ల సీసా చేతిలో పెట్టారు. మా పిచర్ అటు చివర తల మీద తడి తువాలు వేసుకుని కూర్చుంది. నేను ఆమె వైపు చూడలేదు. మా బ్యాటింగ్ పది నిమిషాలు సాగిందేమో, ఆ పది నిమిషాలు ఆ పిల్లల మధ్య భుజం భుజం ఆనించుకుని కూర్చున్నాను. బాపుకు చెప్పడానికి నాకిప్పుడు ఒక మాట ఉంది. నా బతుకులో అంత సంతోషంగా ఇంకెప్పుడూ లేను, దీన్ని దాచాల్సిన పని లేదు.

ఆరో ఇన్నింగ్స్‌కు సార్ మా పాత పిచర్‌ను లేపి దిబ్బ మీదికి పంపాడు. అంపైర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ అమ్మాయి బయటికి పోయింది. మళ్లా రావద్దు."

"మొదలుపెట్టింది ఆమెనే కద సార్. ఒక్కసారి మళ్ల రావచ్చు."

"అది సాఫ్ట్‌బాల్ల. ఇది బేస్‌బాల్. పోతే పోయినట్టే."

సార్ చాలాసేపు వాదించాడు, తర్వాత బతిమాలాడు. నిజానికి అంపైర్ చెప్పిందే రూలు. సాఫ్ట్‌బాల్‌లో మొదలుపెట్టిన ఆటగత్తెను తీసి ఒకసారి మళ్లీ తేవచ్చు. బేస్‌బాల్‌లో బయట కూర్చోబెట్టిన మనిషికి ఆ ఆటలో మళ్లీ తావు లేదు. ఫీల్డింగ్‌కు మొదటి బేస్‌కో, వెనక మైదానంలోకో పంపి ఉంచినా ఆమె దిబ్బ మీదికి తిరిగి రాగలిగేది. ఇన్నేళ్ల సాఫ్ట్‌బాల్ అలవాటు కొద్దీ సార్ ఆమెను తెచ్చి నీడకు కూర్చోబెట్టాడు. జ్వరం పిల్ల లేదు, గోరు లేచిన పిల్ల బంతి పట్టలేదు. సార్ నా వైపు తిరిగాడు. ఆ ముఖం చూస్తే పాపమనిపించింది.

"నువ్వే కానియ్యాలె బిడ్డా."

దిబ్బ ఎక్కాక తెలిసింది, నా చెయ్యి అయిపోయిందని. పొద్దున్నుంచి ఆగి ఆగి విసిరిన కాయలన్నీ ఒక్కసారి భుజంలో కూర్చున్నాయి. ఆరో ఇన్నింగ్స్ ఎలాగో ఒక పరుగిచ్చి గట్టెక్కాను. ఏడో ఇన్నింగ్స్‌లో ఒకరు అవుటయ్యారు. తర్వాత ఇద్దరిని వరుసగా నడిపించాను. పెట్టమన్న చోట బంతి పెట్టే నేను, కాచర్ గ్లౌజుకు మూరెడు దూరంలో పడేస్తున్నాను. ఆ తర్వాతి బ్యాటర్‌కు బంతి నడిమధ్యన మెల్లగా, పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టు పోయింది. ఆ పిల్ల కొట్టిన దెబ్బకు బంతి మా ఇద్దరు పిల్లల సందులోంచి పోయి గోడను తాకింది. బేస్‌ల మీదున్న ఇద్దరూ చుట్టి వచ్చేశారు, రెండు పరుగులు. ఓడిపోయాం.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. సార్ అందరినీ కూర్చోబెట్టి, "తప్పు నాది. రూల్ తెల్వక మునిగినం. పిల్ల మీద ఎవ్వరు ఒక్క మాటనద్దు" అన్నాడు. నిజంగానే ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నం దగ్గర కూడా.

మధ్యాహ్నం బస్సులో వెనక సీటు కిటికీ పక్కన కూర్చున్నాను. భుజం సలుపుతోంది. జడ్చర్ల దాటాక మా పిచర్ లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. తువాలు తడిపి తెచ్చింది.

"నిన్నొకటి అడుగుత" అంది.

"అడుగు."

"సార్‌కు నన్ను తియ్యమని నేనే చెప్పిన. ఎరుకనా?"

నాకు తెలియదు.

"నువ్వు రేకులకు కొట్టినప్పుడల్ల ఇగ నన్ను తీసేస్తుండ్రు, ఇగ తీసేస్తుండ్రు అని గుండెల దడ. బంతి ఏడ పడ్తాందో తెల్వకపాయె. ఆ సప్పుడు నాతోని కాదు సార్, జరసేపు కూసొని మళ్ల వస్త అన్న. మళ్ల రానియ్యరని నాకేం తెలుసు?" చేతిలో తువాలు మడతపెడుతూ అంది, "ఆడ సంచి ఉండె గద. సంచికెందుకు కొట్టకపోతివి?"

దిబ్బ మీద నిలబడ్డ మనిషికి కూడా ఎవరూ తోడుండరని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. వెనక నుంచి ఒక చప్పుడు వస్తుంటే, నీ చోటుకు ఇంకొకరు సిద్ధమవుతున్నారని ఆ చప్పుడు చెబుతుంటే, బంతి పట్టుకుని నిలబడాలి. నేను గోడ పక్కన కూర్చుని నా మీద నేను జాలిపడుతూ, ఆమెను అలా నిలబెట్టాను.

"సంచికే కొట్టిన" అన్నాను. "గురి తప్పిందే."

ఆమె నా ముఖంలోకి చూసింది. నా గురి సంగతి జట్టులో అందరికంటే ఆమెకే ఎక్కువ తెలుసు. హాస్టల్ వెనక గోడ మీద సుద్దతో గీసిన గీతకు నేను వరుసపెట్టి కొడుతుంటే లెక్కపెట్టింది ఆమే. నమ్మదనుకున్నాను. నమ్మకుండా తిట్టినా బాగుండేది.

"గట్లనా" అంది. "నేనొక పిచ్చిదాన్ని. నువ్వు కావాల్నని కొడ్తున్నవనుకున్న. నిన్నటిసంది మనసుల నిన్ను తిట్టుకుంటున్న. ఏమనుకోకే."

క్షమాపణ ఆమె అడిగింది.

తర్వాత తడి తువాలు నా భుజం మీద వేసి, రెండు చేతులతో పిసకడం మొదలుపెట్టింది. నొప్పి ఎక్కడుందో నేను చెప్పనక్కరలేకపోయింది. ఆమె కూడా పిచరే, ఆమె వేళ్లు నేరుగా అక్కడికే పోయాయి. కల్వకుర్తి వచ్చింది, పోయింది. చాలు అంటే, "ఊకో, రేపు చెయ్యి లేవది" అంది. నిజం చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆమె నేను నొప్పికి మూలుగుతున్నాననుకుని ఇంకా మెల్లగా పిసికింది. నల్లగొండ వచ్చేదాకా నేను కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాను, ఆమె చేతులు ఆపనేలేదు.